ఆపదపడిన ఇంటికి బడియు సంఘమును

సేద్యము చేయువాని యింటికి ఆపద క్రొత్త చుట్టము కాదు. వాన రాకపోవుట యొక ఆపద. పంట కోతవేళ విడువక కురియుట మఱియొక ఆపద. పండిన పంటకు ధర లేకపోవుట వేఱొక ఆపద. చిత్తూరు సీమ రైతు వీనినన్నిటిని ఎఱుగును. వేరుసెనగ యెండిన యేడు మామిడిని నమ్ముకొనును. మామిడి ధర పడిన యేడు పాడిని నమ్ముకొనును. ఒక చేయి విఱిగినను రెండవ చేతితో ఇల్లు నడుపుకొనును. కాని ఇంటి పెద్దయే హఠాత్తుగా లేకుండపోయినపుడు ఆ యింటిని నిలుపునది యేమి? ఈ మాసము మేము వ్రాయదలచినది ఇట్టి యిండ్లను గూర్చియే.

పాలకేంద్రము గల ఊరిలో ఆపద సంగతి మొదట పుస్తకమునకెక్కునది పాలు కొలుచు చోటనే. ప్రతిదినము తెల్లవారకమున్నే వచ్చు ఒక యింటి క్యాను ఆ దినము రాదు. మఱునాడును రాదు. కొన్నాళ్లకు వచ్చును, కాని తెచ్చినవాడు ఇంటి యజమాని కాడు, ఐదవ తరగతి చదువు అతని కొడుకు. అదే వేళకు బడిలో ఆ పిల్లవాని చోటు ఖాళీగా నుండును. పాలకేంద్రమువారు క్యాను తిరిగి వచ్చినదని గీత గీయుదురు. బడివారు పిల్లవాడు రాలేదని హాజరుపట్టీలో గుర్తు పెట్టుదురు. రెండు పుస్తకములలోని ఆ రెండు గీతలును ఒకే యింటి కథను చెప్పుచున్నవి. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చదువువారు మాత్రము తఱచుగా ఉండరు.

ఆ పుస్తకములను కలిపి చదువుడని చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆపదపడిన ఇంటిని బడి యొక్కటియే నిలుపలేదు, సమాజసేవకులొక్కరే నిలుపలేరు, ధనసహాయ మొక్కటియే నిలుపలేదు. ఈ మూడును ఒకచోట కూర్చుండి మాటలాడుకొన్నపుడే ఆ యింటి బిడ్డ బడిలోను, ఆ తల్లి తన పొలములోను నిలువగలుగుదురు.

మన సీమలో కలిగిన ఆపదలు

దూరదేశముల సంగతులు చెప్పనక్కఱలేదు. 2017 ఏప్రిల్ 21వ తేదీన ఏర్పేడు పోలీసు ఠాణా యెదుట, స్వర్ణముఖి యేటి యిసుక తవ్వకమును గూర్చి మొఱపెట్టుకొనుటకు వచ్చిన మునగలపాలెము గ్రామస్థులపైకి ఒక లారీ దూసికొనివచ్చెను. ఒక్క పూటలో ఒక్క గ్రామమున పలు కుటుంబములు దిక్కు గోల్పోయినవి. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహమ్మారి మన పల్లెలలో తల్లిదండ్రులను బిడ్డలనుండి తీసికొనిపోయెను. 2021 నవంబరు మాసమున తిరుపతి పట్టణమును, చుట్టుప్రక్కల మండలములను వరద ముంచెను. రామచంద్రాపురము మండలములోని రాయలచెఱువు కట్ట తెగునేమోయను భయముతో దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. పశువులను, పంటను, గింజలను ఒక రాత్రిలో గోల్పోయినవాని బిడ్డ, మబ్బు పట్టిన ప్రతిసారియు వణకుచుండినచో అది పిఱికితనము కాదు. మనసునకు తగిలిన గాయము.

వీనికన్న చప్పుడు లేకుండ వచ్చు ఆపద అప్పు. నీరు పడునను ఆశతో ఒక బోరు వేయుట, పడనందున రెండవది వేయుట, దానికై బంగారము కుదువపెట్టుట, బంగారము విడిపించుటకై వడ్డీవ్యాపారికి నోటు వ్రాసియిచ్చుట, ఈ మెట్లన్నియు మన సభ్యులెఱిగినవే. కడపటి మెట్టున నిలిచిన రైతు తన కష్టమును భార్యకును చెప్పక, సంఘమునకును చెప్పక, లోలోపల క్రుంగిపోవును. జాతీయ నేర గణాంక సంస్థ రైతుల ఆత్మహత్యలను 1995 నుండి ప్రత్యేకముగా లెక్కించుచున్నది. 2004 జూన్ 1వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము 421వ సంఖ్యగల ఉత్తరువును వెలువరించి, అట్టి కుటుంబమునకు లక్ష రూపాయలును, అప్పుల పరిష్కారమునకు 50,000 రూపాయలును ఇచ్చునట్లు ఏర్పాటు చేసెను. ఈ మొత్తము 2015లో 5 లక్షలకును, 2019లో 7 లక్షలకును పెరిగినది. రెవిన్యూ డివిజనల్ అధికారి, పోలీసు ఉపాధీక్షకుడు, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు కలిసిన సంఘము విచారించి, ఆ మరణము సేద్యపు కష్టములవలన కలిగినదని తేల్చిన పిమ్మటనే ఈ సహాయము లభించును.

ఇది చిన్న సహాయము కాదు. అయినను సొమ్ము అప్పును తీర్చగలదు గాని, నడిరేయి లేచి యేడ్చు బిడ్డను ఊరడింపలేదు. విచారణ నడచునంత కాలము ఆ యిల్లు కచేరీల చుట్టు తిరుగుచుండును. తల్లి కాగితములకై తిరిగిన దినమెల్ల పెద్దబిడ్డ ఇంటి పని చూచుకొనుచుండును. కాగితము పూర్తియగునప్పటికి ఆ బిడ్డ బడి మానియుండుటయు కలదు.

బిడ్డ నోటితో చెప్పడు

ఇచట మేము చెప్పునది ఏ యొక్క యింటి కథయు కాదు. అనేక గృహములలో కనిపించు పోలికలను కూర్చి చెప్పుచున్నాము. తండ్రి పోయిన పిల్లవాడు రెండు వారములకు బడికి వచ్చును. ఏడువడు. అయ్యవారు ధైర్యవంతుడనుకొందురు. కొన్ని దినములకు పిల్లవాడు కడుపునొప్పి యనును. వైద్యుడు చూచి యేమియు లేదనును. అంతవఱకు లెక్కలు బాగుగా చేయువాడు పలక చూచుచు కూర్చుండును. లేదా, చిన్న మాటకు తోటివానిపై చేయి చేసికొనును. రాత్రులు ప్రక్క తడుపును. తల్లి కంటికి కనిపింపనిచో భయపడును. ఆడపిల్లయైనచో మఱింత మౌనముగా నుండి, చిన్నవాండ్ర నెత్తుకొని పెద్దదానివలె మెలగుచుండును. అందఱును ఆమెను మెచ్చుకొందురు. ఆ మెప్పుదలలోనే ఆమె చదువు ముగిసిపోవును.

ఇంకొకటి కలదు. పసివారు తండ్రి మరణమునకు తామే కారణమని తలచుట కలదు. "నేను పుస్తకములకు డబ్బడిగితిని; అందుకే నాయన పోయినాడు" అని ఒక బిడ్డ లోలోపల అనుకొనుచుండవచ్చును. పెద్దలు ఆ మాట యెత్తకుండుట వలన ఆ తలంపు పోదు, పాతుకొనును. "నీ తప్పేమియు లేదు నాయనా" అని నమ్మదగిన పెద్ద యొకరు మెల్లగా, ఒకటికి రెండుమాఱులు చెప్పుట అవసరము. అట్లని బిడ్డను నిలువబెట్టి, జరిగినదెల్ల చెప్పుమని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. చెప్పదలచినపుడు వినుట, చెప్పనపుడు ప్రక్కన నుండుట, ఇవియే తగిన పనులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇతర సంస్థలతో కలిసి, ఆపదపడినవారికి మొదట చేయవలసిన మానసిక సహాయమును గూర్చి ఒక చేతిపుస్తకమును ప్రకటించెను. దాని సారము మూడు పనులు: చూచుట, వినుట, చేర్చుట. ఎవరికేమి కావలెనో చూడవలయును. వారు చెప్పునది వినవలయును. వారిని తగిన సహాయమునకు చేర్చవలయును. ఇందులకు వైద్యుడే కానక్కఱలేదు. మన ఊరి అయ్యవారును, అంగన్వాడీ కార్యకర్తయును, సంఘము కార్యదర్శియును చేయగలరు. నెలలు గడచినను బిడ్డ నిద్రాహారములు కుదుటపడనిచో, చావును గూర్చిన మాటలు పలుకుచున్నచో, అపుడు వైద్యునియొద్దకు తీసికొనిపోవుట తప్పనిసరి.

ముగ్గురు, మూడు తునుకలు

అయ్యవారికి బిడ్డ దినమునకు ఆఱు గంటలు కనిపించును. వాని చదువులోని మార్పు, ముఖములోని మార్పు ఆయనకు తెలిసినంతగా అన్యులకు తెలియదు. కాని ఆ బిడ్డ యింటి గడప దాటి ఆయన పోవుట యరుదు. ఇంటిలో అప్పెంత, బియ్యమెన్ని దినములకున్నది, పినతండ్రులు పొలమును గూర్చి తగవు పెట్టుచున్నారా యనునవి ఆయన ఎఱుగరు.

సమాజసేవికకు గృహము కనిపించును. ఏ కాగితము ఏ కచేరీలో నున్నదో, ఏ పింఛనుకు ఎవరికి దరఖాస్తు పెట్టవలయునో ఆమె యెఱుగును. తల్లి కన్నీరు ఆమె యెదుట వెలికి వచ్చును. కాని ఆమెకు చూడవలసిన ఊళ్లు అనేకములు; నెలకొకసారి వచ్చిపోవు ఆమె ప్రతిదినము ఆ యింటి తలుపు తట్టలేదు.

సంఘమునకు లెక్క కనిపించును. ఆ సభ్యుడు తీసికొన్న పంటఋణమెంత, వాయిదా యెప్పుడు తప్పెను, వాటాధనమెంత, పూచీ యెవరు, ఇవన్నియు మన చిట్టాలలో నున్నవి. కాని నిజము చెప్పవలసియున్నది: ఆపదపడిన ఇంటికి సంఘమునుండి మొదట పోవు కాగితము తఱచుగా బాకీ నోటీసే. పోయినవాని పేరునకే అది పోవుటయు కలదు. అది చట్టప్రకారము వ్రాసినదే కావచ్చును. వాయిదా తేదీ వచ్చినందున గుమాస్తా వ్రాసెను. కాని ఆ కాగితమును చదివి వినిపింపవలసినవాడు ఆ యింట చదువు వచ్చిన పదియేండ్ల బిడ్డయే యని మన మెన్నడైన తలచితిమా?

ఈ మువ్వురును కలిసికొననందున ఒకే తల్లి ఒకే దుఃఖమును మూడు చోట్ల మూడుమాఱులు చెప్పుకొనవలసివచ్చుచున్నది. కలిసికొన్నచో ఒకమాఱు చెప్పిన చాలును.

చట్టము వేసిన దారి

ఈ మువ్వురును కలిసికొనుటకు దారి క్రొత్తగా వేయనక్కఱలేదు. వేసిన దారి గడ్డి మొలచియున్నది. పిల్లల సంరక్షణకై ప్రభుత్వము నడుపు పథకములో ప్రతి గ్రామమునకును ఒక బాలల సంరక్షణ సమితి ఉండవలయునని నియమము కలదు. సర్పంచి అధ్యక్షతను, బడి ఉపాధ్యాయులు, అంగన్వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, గ్రామపెద్దలు, ఇద్దఱు పిల్లలు అందు కూర్చుండవలయును. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము జిల్లాస్థాయిలో బాలల సంక్షేమ సమితి కలదు. అధ్యక్షునితోబాటు నలుగురు సభ్యులుందురు, వారిలో ఒకరైనను స్త్రీ కావలయును. జిల్లా బాలల సంరక్షణ విభాగమున సమాజసేవకులును, మనసు తెలిసి ఊరట చెప్పు సలహాదారులును ఉందురు.

2022లో వెలువడిన మిషన్ వాత్సల్య నియమముల ప్రకారము, భర్తను గోల్పోయిన తల్లి వద్దనున్న బిడ్డకు, లేదా తల్లిదండ్రులిద్దఱు లేక బంధువులయొద్ద పెరుగు బిడ్డకు, నెలకు 4,000 రూపాయల పోషణ సహాయము ఈయవచ్చును. గ్రామములలో ఆ కుటుంబపు సాలుసరి ఆదాయము 72,000 రూపాయలు మించరాదు. బిడ్డ బడికి పోవుచుండుట ఇందు ముఖ్యము. కనుక ఈ దరఖాస్తునకు తల్లి సంతకమెంత యవసరమో అయ్యవారి సాక్ష్యమంత యవసరము. భర్తను గోల్పోయిన స్త్రీకి రాష్ట్రమున ఇచ్చు పింఛను 2024 జూలై నుండి 4,000 రూపాయలైనది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయములు ఆరంభమైనపుడు సంక్షేమ, విద్యా సహాయకుడను ఉద్యోగమునే కల్పించిరి. సంక్షేమమును విద్యయు ఒక్క చేతిలోనుండవలెనను తలంపు ఆ పేరులోనే కలదు.

మన జిల్లాలలో ఇందులకు సాయపడదగిన చేతులును కలవు. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునను, 1983లో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమునను సమాజసేవా విద్య బోధింపబడుచున్నది. ఆ విద్యార్థులు చదువులో భాగముగా జనుల మధ్య పని చేయవలసినవారే. తిరుపతి కేంద్రముగా 1981 నుండి పనిచేయుచున్న రాష్ట్రీయ సేవా సమితి పసిపిల్లల పోషణను, స్త్రీల పొదుపును, కరకంబాడి యొద్ద కృషి విజ్ఞాన కేంద్రమును ఒకే సంస్థగా నడిపినది. దానిని పెంచిన మునిరత్నముగారికి 2012లో పద్మశ్రీ లభించెను. సేద్యమును, బిడ్డను వేఱుచేసి చూడరాదనుటకు ఇది మన యెదుటనున్న నిదర్శనము. ఇరుగుపొరుగున వికారాబాదు జిల్లాలో 2017లో కిసాన్ మిత్ర యను సహాయవాణి ఏర్పడెను. రైతు ఫోను చేసినచో కార్యకర్త పోయి విని, అతని చిక్కును తగిన శాఖవారికి అందజేయును. ఆపద జరుగకమున్నే చేయి చాచుట దాని విశేషము.

ఇల్లు విడదీయుట మందు కాదు

మనలో అనేకులకు దయతోనే కలుగు ఒక తలంపు కలదు: "ఆ బిడ్డలను ఏదైన హాస్టలులో చేర్చినచో తల్లికి బరువు తగ్గును." దూరమున మంచి బడి యున్నచో, బిడ్డ యిష్టపడినచో, అది మేలే. కాని దుఃఖము తగిలిన మొదటి దినములలో బిడ్డను తల్లినుండి వేఱుచేయుట రెండవ గాయము వంటిది. రెండవ ప్రపంచ యుద్ధమున లండనుపై బాంబులు పడుచున్నపుడు ఆనా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హాం అను ఇద్దఱు స్త్రీలు అచటి పిల్లలకై సంరక్షణ గృహములను నడిపిరి. బాంబుల చప్పుడు మధ్య తల్లి ప్రక్కనున్న బిడ్డలకన్న, క్షేమమైన దూరపు చోట్లకు తల్లిని విడిచిపోయిన బిడ్డలే యెక్కువ క్రుంగిరని వారు గమనించిరి. మన 2015 నాటి చట్టమును బిడ్డను సంస్థలో నుంచుట కట్టకడపటి యుపాయముగానే యెన్నుచున్నది.

నిజముగా దిక్కులేని బిడ్డలకు నీడ కావలయును. తిరుపతిలో దేవస్థానమువారు 1943లో బాలమందిరమును స్థాపించినది అట్టివారికొఱకే. కాని తల్లియున్న బిడ్డకు, అవ్వతాతలున్న బిడ్డకు, ఆ యిల్లే నిలుచునట్లు చేయుట మొదటి ధర్మము.

తల్లి నిలుచుటకు విద్యయు ఒక ఊతకఱ్ఱ. మన తెలుగు బిడ్డ దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు మరల చదువుకొను దారి చూపినది. 1953లో ఏర్పడిన కేంద్ర సంఘసంక్షేమ మండలికి ఆమె మొదటి అధ్యక్షురాలు. విధవలకు, విడువబడినవారికి చదువు చెప్పుట జాలి కాదు, వారికి బ్రతుకుతెరువు నేర్పుట యని ఆమె చేసిన పనులే చాటినవి. పట్టాదారు పాసుపుస్తకము తన పేర మార్పించుకొనవలసిన తల్లికి, బ్యాంకులో సంతకము చేయవలసిన తల్లికి, అక్షరము రొట్టెతో సమానము.

సహకారోద్యమమునకు ఇది పరాయి పని కాదు

"సంఘమన్నది ఋణమిచ్చి పుచ్చుకొనుటకు, బిడ్డల దుఃఖము తీర్చుట మన పనియా?" యని కొందఱు సభ్యులడుగవచ్చును. వారికి మన పూర్వచరిత్రయే సమాధానము. జర్మనీదేశమున 1846-47 నాటి కఱవులో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజన్ అను గ్రామాధికారి పేదలకు రొట్టె దొరకునట్లు సంఘము కట్టించెను. 1854లో హెడ్డెస్‌డార్ఫున ఆయన స్థాపించిన సంఘము పనులలో ఋణమిచ్చుట యొకటి మాత్రమే. దిక్కులేని పిల్లలను పెంచి చదువు చెప్పించుటయు, చెఱనుండి విడుదలయైనవారికి పని చూపుటయు అందులోనివే. పదియేండ్ల పిమ్మట, 1864లో, అది ఋణసంఘముగా మాఱెను. మన చెన్నపురి ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ దొరను ఐరోపాకు పంపి ఈ సంఘములను పరిశీలింపజేసెను. ఆయన నివేదిక 1895, 1897 సంవత్సరములలో వెలువడెను. మన గ్రామములకు కావలసినవాడు రైఫైజన్ వంటివాడే యని దాని సారము. దాని ఫలముగనే 1904 నాటి సహకార ఋణసంఘముల చట్టము వచ్చెను.

కావున సహకారమను చెట్టునకు ఋణము కొమ్మయే గాని వేరు కాదు. వేరు పొరుగువాని బిడ్డను మన బిడ్డగా చూచుటయే. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో మాంచెస్టరు నగరమున ప్రకటించిన ఏడు సూత్రములలో విద్య యైదవది. చుట్టునున్న సమాజమును గూర్చి శ్రద్ధ యేడవది.

సంఘము చేయదగిన పనులు

ఇంతవఱకు చెప్పినదానిని పనిగా మార్చుటకు పెద్ద ధనము అక్కఱలేదు. మేము కొన్ని పనులను సూచించుచున్నాము.

మొదటిది, సభ్యుని యింట ఆపద జరిగినచో వారము దినములలో కార్యదర్శియు, పాలకవర్గ సభ్యుడొకరును ఆ యింటికి పోవలయును. నోటీసు తీసికొనిపోరాదు. "అమ్మా, బాకీ మాట తరువాత చూచుకొందము; మేమేమి చేయవలెనో చెప్పుము" అనుటయే ఆ దినపు పని. వాయిదా తేదీలను గూర్చి చేయదగిన సడలింపులను పాలకవర్గము తానుగా ఆలోచింపవలయును. ఆమె అడుగువఱకు వేచియుండరాదు.

రెండవది, కాగితములు. మరణమును 21 దినములలో నమోదు చేయింపవలయును. ప్రాథమిక సమాచార నివేదిక, శవపరీక్ష నివేదిక, పాసుపుస్తకము, అప్పు పత్రములు, కుటుంబసభ్యుల ధ్రువపత్రము, ఇవి కావలసివచ్చును. కౌలురైతు కుటుంబమునకు చిక్కు మఱింత యెక్కువ. భూమి వేఱొకరిది, అప్పు తమది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము ప్రకారము కౌలుకార్డు ముందుగనే తీసికొన్నచో ఆ యింటికి ఆధారముండును. ఈ కాగితములకై తల్లితో కూడ ఒక సభ్యుడు తిరుగుట గొప్ప దానముతో సమానము.

మూడవది, అప్పులవారినుండి రక్షణ. తండ్రి చేసిన అప్పునకు వారసులు తామే పూచీ వ్రాసియిచ్చిననే తప్ప, తమకు సంక్రమించిన ఆస్తి మేరకు మాత్రమే బాధ్యులు. తండ్రి ఋణము తీర్చుట కొడుకు పుణ్యధర్మమను పాత వాదమును, 2005లో హిందూ వారసత్వ చట్టమునకు జరిగిన సవరణ తరువాతి అప్పులకు కోర్టులు అంగీకరింపవు. ఈ సంగతి తెలియక బిడ్డను బడి మాన్పించి వడ్డీవ్యాపారి యింట పనికి పెట్టిన తల్లికి ఎవరైన చెప్పవలదా?

నాల్గవది, నెలకొక కూడిక. సంఘపు కార్యాలయములోనో, బడి వరండాలోనో, అయ్యవారు, అంగన్వాడీ కార్యకర్త, సచివాలయపు సహాయకుడు, సమాజసేవిక, కార్యదర్శి ఒక గంట కూర్చుండవలయును. హాజరుపట్టీయు, పాల పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టవలయును. ఏ బిడ్డ పది దినములు రాలేదు, ఏ యింటి క్యాను రాలేదు, ఎవరు పోయి చూచెదరు, వచ్చు నెలకు ఏమి చెప్పెదరు, ఇంతియే. అచట విన్న గృహరహస్యములు రచ్చబండకు పోరాదు. ఆ నమ్మకము చెడినచో తల్లులు నోరు విప్పరు.

అయిదవది, బిడ్డను వేఱుచేసి చూపరాదు. బడిలో నిలువబెట్టి పుస్తకములిచ్చి పటము తీయించుట వంటి దానములు బిడ్డకు సిగ్గు తెచ్చును. ఇచ్చునది తల్లి చేతికి, చప్పుడు లేకుండ ఈయవలయును. లాభములనుండి సర్వజనశ్రేయమునకై తీయు నిధిలో కొంత భాగమును ఇందులకు కేటాయింపవచ్చును.

ఆఱవది, ఆపదకు ముందే అడుగు వేయుట. వాయిదా తప్పిన సభ్యుడు సంఘమునకు వచ్చుట మానినచో, ముఖము తప్పించుచున్నచో, పశువులనమ్ముచున్నచో, దానిని మొండితనముగా నెన్నరాదు. పోయి పలకరింపవలయును. "చావవలెనని తోచుచున్నదా అన్నా?" అని సూటిగా అడుగుటవలన ఆ తలంపు పుట్టదు; లోపల నున్నది వెలికి వచ్చి బరువు తగ్గును. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలిమానస్ సహాయవాణికి 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. పిల్లలకు కష్టము కలిగినపుడు 1098 కలదు. ఈ రెండు సంఖ్యలను ప్రతి సంఘమును తన గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ఖర్చు ఒక డబ్బా రంగు మాత్రమే.

సభ్యులారా! కరవు వచ్చిన యేడు విత్తనపు గింజలను వండుకొని తినిన రైతును మనము తెలివిగలవాడనము. బడి మానిన బిడ్డ ఊరి విత్తనపు గింజ. ఆ గింజను కాపాడుట తల్లి యొక్కతె పని కాదు, అయ్యవారి యొక్కరి పని కాదు. మఱుసటి దినము తెల్లవారుజామున పాలకేంద్రమునకు పోవునపుడు క్యాను మోసికొని వచ్చు బిడ్డ కనిపించినచో, "ఏమి నాయనా, ఈ దినము బడికి పోవుదువా?" యని యొక్కమాట అడుగుడు. వాడు మాఱుపలుకక తల వంచుకొన్నచో, ఆ సాయంకాలమే అయ్యవారి యింటికి పోయి మాటలాడుడు. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, మన సంఘమునందును నెలనెలకు ఆ రెండు పుస్తకములను కలిపి చదువు ఏర్పాటును తీర్మానింతురుగాక.